సగాల సారు

వంటింటి నాలుగో గోడకు రంగు పూర్తిగా పడిన రోజు వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. చూడదూ మరి! ఆ గోడ పద్దెనిమిదేళ్ళుగా సగం పసుపు, సగం పాత వెల్లతో అలాగే నిలబడి ఉంది. టైలరు భార్య అయితే గోడను వేలితో తాకి మరీ నిజమేనని తేల్చుకుంది.

"నీ నోములన్నీ పండాయి వదినా. అన్నయ్యగారు ఒక పని ముగించారంటే ఇంక ఈ లోకంలో కానిది లేదు" అంది.

సారుగారి భార్య పొంగిపోయింది. ఎన్నేళ్ళు పోరింది, ఎన్ని అలకలు పోయింది ఆ గోడ కోసం! చివరికి దాని ముందు ఒక అలమార పెట్టి, వచ్చినవాళ్ళ కంట పడకుండా దాచింది. ఇప్పుడా అలమారను పక్కకు జరిపించి దర్జాగా అందరికీ చూపించింది.

సైకిలు షాపు సారుకు ఆ వీధిలో అసలు పేరు ఎప్పుడో పోయింది. అందరికీ ఆయన సగాల సారే. ఆయన చేసిన స్టూలుకు మూడు కాళ్ళకే పాలిష్ ఉంటుంది. పేపరులో గళ్ళనుడికట్టు అంతా నింపి ఒక్క మాట వదిలేస్తాడు. ఎంత మంచి నవలైనా ఆఖరి పేజీ చదవడు. సాయంత్రం షాపు కట్టేసేటప్పుడు ఒక్క సైకిలైనా చక్రం ఊడి నేలమీద ఉండాల్సిందే. ఏడాదికోసారి బడివాళ్ళు పిలిచి పతకం పెట్టుకుని రమ్మంటారు. పిల్లలకు యుద్ధం కథ చెబుతూ చెబుతూ, సరిగ్గా విమానం నేలకు దిగబోయే చోట ఆపి, "మిగతాది వచ్చే ఏడాది" అని కూర్చుంటాడు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై, వాళ్ళ పిల్లలు కూడా ఆ బడికే వస్తున్నారు. విమానం మటుకు ఇంకా దిగలేదు.

ఇక టీ సంగతి చెప్పనే అక్కర్లేదు. గ్లాసులో చివరి గుక్క మిగల్చకుండా ఆయన టీ తాగిన రోజు లేదు. యాభై రెండేళ్ళుగా ఆ గుక్కను తొట్టిలో పారబోస్తోంది ఆవిడ.

చూసేవాళ్ళకు బద్ధకంలా ఉంటుంది కానీ కాదు. ఎందుకో ఆవిడకు తెలుసు. ఇరవై అయిదేళ్ళ వయసులో ఆయన రెండింజన్ల బాంబరు నడిపాడు. నలుగురు మనుషులు ఎక్కేవాళ్ళు అందులో. విమానం ఎక్కే ముందు ఏదో ఒక పని సగంలో వదిలేసి ఎక్కాలని సారే నియమం పెట్టాడు. సగంలో ఉన్న పని మనిషిని ఊరుకోనివ్వదు, చెవి పట్టుకుని వెనక్కి లాక్కొస్తుందని ఆయన నమ్మకం. నలుగురూ అదే పట్టుకున్నారు. దారి లెక్కలు చూసే నేవిగేటరు ఒక చెంప గీసుకుని, రెండో చెంప సబ్బు నురగతోనే ఎక్కేసేవాడు. పై అధికారి తిడితే, "దిగాక గీసుకుంటాను సార్" అనేవాడట. వెనక తోక దగ్గర తుపాకీ పట్టుకుని కూర్చునేవాణ్ణి అందరూ బక్కోడు అనేవాళ్ళు. వాడు వాళ్ళమ్మ దగ్గర అల్లిక నేర్చుకున్నాడు. ఎక్కే ముందు మఫ్లరు రెండు వరసలు అల్లి, మూడో వరస మధ్యలో సూదులు వదిలేసేవాడు. సారు మాత్రం ఉత్తరం రాసేవాడు. వాక్యం మధ్యలో కలం మూత పెట్టేసేవాడు.

ముప్ఫై నాలుగుసార్లు వెళ్ళి వచ్చారు. ముప్ఫై అయిదోసారి ఒక ఇంజను ఆగిపోయింది, తోక సగం ఎగిరిపోయింది, సారు కాలిలో ఇనపముక్క దిగింది. అయినా రెండు గంటలు నడుపుకుంటూ తెచ్చి దించాడు. పతకం అందుకే ఇచ్చారు. "మా సారు విమానం తోక కూడా సగమే తెచ్చాడు" అని వీధిలో ఒక హాస్యం ఉంది. ఆ మాటకు సారు ఒక్కడే నవ్వడు. బక్కోడు కూర్చునేది అక్కడే. కింద ఎవరి మీద ఏం పడిందో కూడా ఆయన చెప్పడు. "మాకు కనిపించేది కాదు. అప్పుడది అదృష్టమనుకున్నాం" అని మాత్రం ఒకసారి భార్యతో అన్నాడు. పతకం షాపులో, వాల్వు మూతల డబ్బాలో ఉంటుంది. బడివాళ్ళు పిలిచినప్పుడు వెతుక్కుంటారు.

ఇంతకీ ఆ ఉత్తరాలు ఎవరికనుకున్నారు? ఈవిడకే. యుద్ధం మొదట్లో విమానాల మైదానం వాళ్ళ ఊరి పక్కనే ఉండేది. పైలట్లందరూ మైదానంలో సైకిళ్ళ మీద తిరిగేవాళ్ళు. పంక్చరు పడితే వచ్చేది వాళ్ళ నాన్న షాపుకే. రిపేరుకు వచ్చిన సైకిలుకు చీటీ కట్టేది ఈవిడే. తర్వాత వాళ్ళను దూరం పంపేశారు. క్షేమమా అంటే క్షేమమా అని ఉత్తరాలు మొదలయ్యాయి. ఒక ఉత్తరం "ఇక్కడ వాన" అని ఆగిపోయేది. తర్వాతది "వదలడం లేదు" అని మొదలయ్యేది. ఆ రెండో ముక్క కళ్ళబడితే చాలు, మనిషి నేలమీద భద్రంగా ఉన్నాడన్నమాట.

ఇదంతా వీధికి తెలిసిన కథే. తెలియనిది ఒకటుంది. అది ఆవిడ కుట్టుపెట్టెలో, దారపు ఉండల అడుగున, రేకు డబ్బాలో ఉంది.

ముప్ఫై అయిదో ప్రయాణానికి ముందు వచ్చిన ఉత్తరం ఇలా ఆగింది: "ఈసారి సెలవుకి వచ్చినప్పుడు మీ నాన్నగారిని ఒకటి అడగాలనుకుంటున్నాను. అదేమిటంటే". అంతే. తర్వాత నలభై ఒక్క రోజులు ఉలుకూ పలుకూ లేదు. పిల్లకు తిండి సహించలేదు, నిద్ర లేదు. నలభై రెండో రోజు పేపరులో ఫొటో పడింది, పతకమనీ ఆస్పత్రిలో ఉన్నాడనీ. పేపరు పట్టుకుని భోరున ఏడుస్తుంటే నాన్న ఏమైందన్నాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటానని మిమ్మల్ని అడుగుతానని రాశాడు" అనేసింది. అలా రాసి ఉందా? లేదు. కానీ ఆ సగం వాక్యానికి ఇంకో సగం ఏముంటుంది చెప్పండి! నాన్న ఆ పూటే బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, "నాకు సమ్మతమే నాయనా, మా అమ్మాయి నీదే" అన్నాడు. కుర్రాడు నోరు తెరిచి, మూసి, "సరేనండి" అన్నాడట.

నాన్న ఇంకా తిరిగి రాకముందే పోస్టులో ఉత్తరం వచ్చింది. "షాపులో కొక్కానికి వేలాడుతున్న ఆ పాత సైకిలు నాకు అమ్ముతారా అని. ఎందుకంటే".

భూమి చీలితే బాగుండుననిపించింది ఆవిడకు. పెళ్ళి కాదు, సైకిలు! ఆ సైకిలు కూడా ఎలాంటిది? బ్రేకుల్లేవు, చక్రాల పుల్లలు సగం లేవు, తూకానికి వేసినా ఎవడూ తీసుకోడు. నాన్న మాత్రం పళ్ళూ ఫలాలూ పట్టుకుని, కుదిరిందే తల్లీ అంటూ గుమ్మంలోకి వచ్చేశాడు. ఏం చెబుతుంది? ఉత్తరం మడిచి డబ్బాలో పడేసింది. పెళ్ళయిన కొత్తలో ఆయనొకసారి, "ఆస్పత్రి నుంచి ఒకటి రాశాను, అందిందా?" అని అడిగాడు. "లేదే" అంది. "పోనీలే" అన్నాడు. అంతటితో సరి.

తర్వాత జీవితం, ఏమాటకామాటే చెప్పుకోవాలి, చల్లగానే గడిచింది. రెండు ఇంజన్లు నడిపినవాడికి రెండు చక్రాలు చాలంటూ ఆయన మామగారి షాపులోనే స్థిరపడ్డాడు. ఒక కూతురు, ఊళ్ళోనే అల్లుడు. పోట్లాటలు లేకపోలేదు, మాట్లాడుకోని రోజంటూ మాత్రం లేదు. అయినా ఎప్పుడైనా ఒంటరిగా దారం ఎక్కిస్తుంటే ఆవిడ మనసులో ఆ ముల్లు కదిలేది. పెద్దాయన మంచం పక్కకు వచ్చి మాటిచ్చేస్తే కాదనలేక, మర్యాదకి ఒప్పుకున్నాడేమో. అడుగుదామంటే ఎలా? 'ఎందుకంటే' తర్వాత ఏమిటండీ అని అడిగితే ఉత్తరం అందినట్టేగా! కక్కలేక మింగలేక యాభై రెండేళ్ళు.

ఇక ఇప్పటి సంగతి. సారు గుండెలో ఒక వాల్వు పాడైంది. మార్చాలంది డాక్టరమ్మ. "వాల్వేగా, నా చేత్తో వేలకు వేలు మార్చాను" అన్నాడు సారు. డాక్టరమ్మ నవ్వలేదు. వయసు డెబ్భై ఎనిమిది, ప్రమాదం లేదనను, కానీ చేయించకపోతే ఇంకా ప్రమాదం అంది. గురువారం చేద్దామంది.

ఆ మర్నాటి నుంచే సారు పనుల మీద పడ్డాడు. గోడ అయింది. స్టూలు నాలుగో కాలికి పాలిష్ అయింది. నవలల ఆఖరి పేజీలు వరసగా చదివి, "ఓహో, వీడా దొంగ!" అని తనలో తను నవ్వుకున్నాడు. షాపులో పెండింగు రిపేర్లన్నీ ముగించాడు. బుధవారం మధ్యాహ్నం ఆవిడ షాపులోకి తొంగి చూస్తే, కొక్కెం ఖాళీగా ఉంది. ఆ పాత సైకిలు దిగి, కొత్త బ్రేకులతో, కొత్త పుల్లలతో, నూనె పెట్టిన చెయినుతో గోడకు ఆనించి ఉంది. ఇన్నేళ్ళూ ఆయన దాన్ని ముట్టుకోలేదు. ఆవిడకు ఎక్కడో కలుక్కుమంది కానీ ఏమిటో అంతుపట్టలేదు.

సాయంత్రం టీ ఇచ్చి, గ్లాసు తీసుకుని తొట్టి దగ్గర వంచింది. ఏమీ రాలేదు. అడుగు దాకా తాగేసి ఉంది.

తిరిగి రావాలనుకున్నవాడు సగం వదిలి వెళ్తాడు. అన్నీ ముగించి వెళ్ళేవాడు? మూడు రోజులుగా ఇంట్లో జరుగుతున్నది అదన్నమాట! తనేమో గోడ చూసి మురిసిపోయి, వీధిలో వాళ్ళందరికీ చూపించుకుంది. తన తెలివి తెల్లారినట్టే ఉంది.

గ్లాసుతోనే ముందుగదిలోకి వెళ్ళింది. "టీ మొత్తం ఎందుకు తాగారు?"

"బాగుంది, తాగాను. అదీ తప్పేనా?"

"నా దగ్గరా మీ నాటకాలు? తిరిగి రానని అనుకుంటున్నారు మీరు."

సారు గళ్ళనుడికట్టు పక్కన పెట్టాడు. అదీ పూర్తయి ఉంది. "అలా కాదోయ్. విమానం నేను నడిపినన్నాళ్ళూ ఆ నియమం నాది. రేపు నడిపేది డాక్టరమ్మ. నేను ఉత్త సామానుని. సామానుకు నియమాలేమిటి?"

"మాటలు మార్చకండి."

ఆయన మెల్లిగా చెప్పాడు. "బక్కోడి మఫ్లరు వాళ్ళమ్మకు ఇచ్చింది నేనే కదా. ఆవిడ దాన్ని సూదులతో సహా కుర్చీ మీద పెట్టింది. ఎప్పుడు వెళ్ళినా అక్కడే ఉండేది. ఎవరినీ తాకనిచ్చేది కాదు, తను ముగించేదీ కాదు. పదేళ్ళు చూశాను ఆ కుర్చీని. సగంలో వదలమని వాడికి నేర్పిందెవరు? నేనే. రేపేదైనా అయితే నువ్వు ఆ సగం గోడ ముందు నిలబడి... వద్దు. నాకది వద్దు."

ఆవిడకు కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నాకు గోడ వద్దు, స్టూలు వద్దు. మీరు కావాలి, తెలిసిందా? వెధవ గోడ!"

"రెండూ ఉంటాయిలే" అన్నాడాయన, అనునయంగా. కానీ ఆ గొంతులో ఎప్పుడూ ఉండే గట్టిదనం లేదు. యాభై రెండేళ్ళు విన్న గొంతు అది, ఆవిడకు తెలియదా?

కుట్టుపెట్టె ముందు చాలాసేపు కూర్చుంది ఆవిడ. ఆయన ముగించని పని ఈ ఇంట్లో ఇంకొక్కటే ఉంది. ఆయన అది పోస్టులో పోయిందనుకుంటున్నాడు. చూపిస్తే ఇన్నేళ్ళ అబద్ధం బయటపడుతుంది. పైగా ఆ 'ఎందుకంటే' తర్వాత ఏముంటుందో! "ఎందుకంటే మైదానంలో తిరగడానికి ఒక సైకిలు కావాలి" అని ఉంటే? ఈ వయసులో అది వినాలా? వినకపోతే ఏం, ఇన్నాళ్ళూ గడవలేదూ? ఇలా నూరు రకాలుగా అనుకుని, చివరికి డబ్బా మూత తీసింది.

గురువారం పొద్దున్నే కూతురు కారు తెచ్చింది. సారు కారెక్కి కూర్చున్నాక, తాళం మరిచిపోయానని ఆవిడ షాపులోకి వెళ్ళింది. సైకిలు షాపువాడి కూతురు, సైకిలు షాపువాడి పెళ్ళాం, ఆవిడకొకరు నేర్పాలా? రెండు నిమిషాల్లో పాత సైకిలు చెయిను ఊడదీసి, పేపరులో చుట్టి, చేతిసంచిలో పడేసింది. చేతులకు నల్లగా అంటుకుంది. చీర కొంగుకే తుడుచుకుంది.

"అమ్మా, చీరకదేమిటి?" అంది కూతురు.

"నీకెందుకు, నడుపు."

ఆస్పత్రిలో ఆయనకు ఆకుపచ్చ గౌను తొడిగారు. వెనక ముళ్ళు ఊడిపోతున్నాయని గొణుగుతున్నాడు. కళ్ళజోడు తీసేశారు, ఉంగరం తీసేశారు. నర్సమ్మ వచ్చి ఇంకో పది నిమిషాల్లో తీసుకెళ్తామంది. కూతురు కాగితాల మీద సంతకాలు పెట్టడానికి వెళ్ళింది. ఇద్దరే మిగిలారు.

"అన్నీ పూర్తి చేశాననేగా మీ ధైర్యం? ఒకటి మిగిలింది" అంది ఆవిడ, సంచిలోంచి కాగితం తీసి.

"ఏమిటది? కళ్ళజోడు లేదు, నువ్వే చదువు."

చదివింది. షాపులో కొక్కానికి వేలాడుతున్న ఆ పాత సైకిలు నాకు అమ్ముతారా అని. ఎందుకంటే. అక్కడితో ఆగింది.

సారు చెవులు ఎర్రబడ్డాయి. "ఇది నీకు అందిందా!"

"అందింది. అబద్ధం చెప్పాను. మీరు సైకిలు అడగబోతే నేను పెళ్ళనుకుని నాన్నను పంపాను. పెద్దాయన మాట కొట్టేయలేక నన్ను కట్టుకున్నారేమోనని ఇన్నేళ్ళూ..." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఉన్నమాట చెప్పేశాను. ఇంక మీ ఇష్టం."

"ఓసి పిచ్చి మొహమా!" ఆయన మంచం మీద లేచి కూర్చోబోయాడు. "ఇన్నాళ్ళూ ఇదా నీ కడుపులో పెట్టుకున్నది? ఎందుకంటే అంటే..."

ఆవిడ గభాలున చేత్తో ఆయన నోరు మూసేసింది. ఆ చేతికి ఇంకా చెయిను నూనె వాసన ఉంది.

"ఇప్పుడు చెప్పారంటే ఊరుకోను! యాభై రెండేళ్ళు ఆగిన దాన్ని, ఇంకో పూట ఆగలేనా? వచ్చాక చెప్పండి. వచ్చి చెప్పండి."

అప్పుడే లోపలికి వచ్చిన నర్సమ్మ బిత్తరపోయింది. "అయ్యయ్యో, ఏం చేస్తున్నారమ్మా? ఆయనకు ఊపిరాడద్దూ?"

చెయ్యి తీశాక కూడా ఆయన ఆ వాక్యం ముగించలేదు. ఆవిణ్ణి అలాగే చూస్తున్నాడు. నిన్నటి నుంచి లేనిదేదో ఆ ముఖంలోకి తిరిగి వచ్చింది. మంచం కదిలింది. తలుపు దాకా వెళ్ళాక ఆయన గొంతు వినిపించింది. "డాక్టరమ్మతో చెప్పండి, నాకు బోలెడు పనుంది, తొందరగా కానివ్వమని!"

అయిదు గంటలు. కూతురు తెచ్చిన రొట్టె ముట్టలేదు, కుర్చీలోంచి లేవలేదు. చెప్పనివ్వకుండా తప్పు చేశానా అనిపించింది. అదే ఆఖరి అవకాశమైతే? నోటిదాకా వచ్చిన మాటను చేత్తో అడ్డం కొట్టిన మనిషి లోకంలో ఇంకెవరైనా ఉంటారా? సంచిని ఒళ్ళో పెట్టుకుని, చెయినును పేపరు మీదుగానే ఒక్కొక్క లింకూ తడుముతూ కూర్చుంది. డాక్టరమ్మ వచ్చి, "బాగా అయిందమ్మా, రేపటికి మాట్లాడతారు" అంటే, ఆవిడ డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఆ తెల్లకోటు కఫ్ కి కూడా నూనె మరక అయింది.

మర్నాడు మధ్యాహ్నం లోపలికి పంపారు. సారు ముఖం పాలిపోయి ఉంది, ఛాతీ నిండా పట్టీలు. నర్సమ్మ చిన్న గ్లాసుతో నీళ్ళు తాగిస్తోంది. ఆయన తాగి, తల పక్కకు తిప్పుకున్నాడు.

"ఇంకొక్క గుక్కేనండీ, తాగెయ్యండి" అంది నర్సమ్మ.

"వదిలెయ్యమ్మా, ఆయనంతే" అంది ఆవిడ. గ్లాసు అడుగున మిగిలిన ఆ నీళ్ళు చూస్తే ప్రాణం లేచి వచ్చింది.

ఆవిడ మంచం పక్కన కూర్చుంది. ఆయన కళ్ళు తెరిచి, ఎవరని చూసి, బొంగురు గొంతుతో మొదలుపెట్టాడు. నమస్కారం లేదు, కుశలప్రశ్న లేదు.

"ఎందుకంటే, ఊళ్ళో అంత డొక్కు సైకిలు ఇంకోటి లేదు. అది కొంటే రోజూ ఏదో ఒకటి ఊడుతుంది. సెలవున్నన్నాళ్ళూ రోజూ మీ షాపుకు రావచ్చు. నువ్వు చీటీ కడతావు." ఊపిరి తీసుకున్నాడు. "పెళ్ళి మాట తిన్నగా అడిగే ధైర్యం ఎక్కడిదోయ్ నాకు? బాంబరు నడపడం వేరు, మీ నాన్నతో మాట్లాడడం వేరు. ఆయనే వచ్చి మా అమ్మాయి నీదే అంటే, స్పృహ తప్పిందేమో, కల కంటున్నానేమో అనుకున్నాను."

ఆవిడకు కన్నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆ ముల్లు ఎంత లోతుగా దిగి ఉందో, తీసేశాక గానీ తెలియలేదు.

"మరి షాపంతా మీదేగా" అంది చివరికి. "ఇన్నేళ్ళూ దాన్నెందుకు ముట్టుకోలేదు?"

"బాగైపోతే నీ దగ్గరికి రావడానికి వంక ఉండద్దూ?" అని, ఉన్నట్టుండి ఆయన కంగారుపడ్డాడు. "అయ్యో, మొన్న దాన్ని బాగుచేసి పెట్టానోయ్!"

ఆవిడ సంచిలోంచి పేపరు పొట్లం తీసి, విప్పి, చెయినును ఆయన అరచేతిలో పెట్టింది.

"నిన్న పొద్దున్నే ఊడదీసి తెచ్చాను. ఇంటికొచ్చి వేసుకోండి."